హాలు, హల్లు: మనకొకటి, కన్నడిగులకి ఇంకోటి

రెండు భాషల్లో ఒకేలా రాసినా అర్థమూ పుట్టుకా రెండూ వేరయ్యే మాటలున్నాయా అని అడిగారు కదా. చాలామంది ముందు శిక్ష గురించి చెప్తారు, మనకి దండన, హిందీలో చదువు అని. కానీ అది రెండు చోట్లా సంస్కృతం నుంచే వచ్చింది, అర్థం మాత్రమే పక్కకెళ్లింది, కాబట్టి నా లెక్కలో అది రాదు.

నేనుండేది బెంగళూరులో. కన్నడ లిపి మనదానికి బాగా దగ్గర కాబట్టి తలకట్టు తేడా కాస్త అలవాటైతే బోర్డులన్నీ చదివేయొచ్చు, అర్థం అవుతాయా అంటే అది వేరే సంగతి. మా వీధి చివర పాల బూత్ మీద 'హాలు' అని రాసుంటుంది. మనకి హాలంటే సోఫా, టీవీ ఉండే గది, ఇంగ్లిష్ మాట. వాళ్లకి పాలు. పాత కన్నడలో అదీ 'పాల్' అనే ఉండేది, తర్వాత మాట మొదట్లో ఉన్న ప కాస్తా హ అయిపోయింది.

ఇంకా మంచిది హల్లు. మా ఓనర్ ఆంటీ చెంప పట్టుకుని 'హల్లు నోవు' అంటే పంటి నొప్పి అని. ఇదీ ఒకప్పుడు 'పల్', మన పళ్లకి చుట్టమే. మన హల్లుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. సంస్కృత వ్యాకరణంలో అక్షరాల్ని వరుసగా పేర్చిన మాహేశ్వర సూత్రాలు 14 ఉన్నాయి కదా, ఐదోది 'హయవరట్', ఆఖరిది 'హల్'. అక్కడి హ, ఇక్కడి ల్ కలిపి ఆ వ్యాకరణం రాసిన పాణిని ఆ మధ్యలో వచ్చే హల్లులన్నిటికీ 'హల్' అని పొట్టి పేరు వాడాడు, మనం చివర ఉకారం తగిలించాం. అచ్చు కూడా అంతే, మొదటి సూత్రంలో అ, నాలుగోదాని చివర చ్. (పుస్తకం అచ్చు వేయడంలో అచ్చు మళ్లీ వేరు, అది ద్రావిడ మాట, తమిళంలోనూ కన్నడలోనూ ఉంది.)

ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లకి నేను చెప్పే చిట్కా ఒకటే, హ తీసి ప పెట్టి చూడండి. హులి పులి, హావు పాము, హాడు అంటే పాడు. హాజరు, హృదయ లాంటి వాటి మీద మాత్రం ట్రై చేయకండి, అవి బయటి నుంచి హ తోనే వచ్చాయి.