41వ పేరు దగ్గర ఆగిపోతోంది

ప్రశ్న: మా కాలేజీలో 1,800 మంది విద్యార్థుల వివరాలు ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఇచ్చారు. పైథాన్ స్క్రిప్టుతో దాన్ని ఎల్‌డిఫ్‌గా (డైరెక్టరీలోకి వివరాలు ఎక్కించే టెక్స్ట్ ఫైలు) మార్చి, ఐనెట్‌ఆర్గ్‌పర్సన్ (ఒక మనిషి వివరాలకి వాడే నమూనా) ఎంట్రీలుగా ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్‌లోకి (యూజర్ల వివరాలు, లాగిన్లు ఉంచే డైరెక్టరీ) ఎక్కిస్తుంటే 41వ పేరు దగ్గర 65 అని ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. మళ్లీ నడిపితే మొదటి పేరు దగ్గరే 68 అంటోంది. సోమవారం నుంచి ల్యాబ్‌లో ఈ లాగిన్లే వాడాలి, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ సర్వర్‌కి ఏమీ కాలేదు, తేడా డేటాలో ఉంది. 65 అంటే ఆ ఎంట్రీ ఆబ్జెక్ట్‌క్లాస్ నియమానికి (ఆ రకం ఎంట్రీలో ఏవేం ఉండాలో చెప్పేది) సరిపోలేదని అర్థం. ఆ ఎర్రర్ కిందే ఇంకో లైను ఉంటుంది, చాలామంది దాన్ని చదవకుండా వదిలేస్తారు కానీ ఏది తక్కువైందో అక్కడే రాసి ఉంటుంది. ఐనెట్‌ఆర్గ్‌పర్సన్‌లో పూర్తి పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి. ఫైల్లో 41వ విద్యార్థిని చూడండి, ఇంటిపేరు ట్యాగు ఖాళీగా ఉండి ఉంటుంది. మనవాళ్ల ఫారాల్లో ఇది మామూలే, ఇంటిపేరు, పేరు కలిపి ఒకే గడిలో రాసేస్తారు. అలాంటి చోట పూర్తి పేరునే ఇంటిపేరుగా కూడా పెట్టమని స్క్రిప్టుకి చెప్పండి. చుక్కో, గీతో పెట్టి గట్టెక్కించకండి, రేపు ఎవరైనా ఇంటిపేరుతో వెతికితే ఆ పిల్లలు దొరకరు.

68 అంటే ఆ ఎంట్రీ ఇప్పటికే ఉందని. మొదటి 40 మంది లోపలికి వెళ్లిపోయారు కదా, అందుకే. ఎంట్రీలు ఎక్కించే ఎల్‌డాప్‌యాడ్ కమాండ్‌కి హైఫన్ చిన్న 'సి' ఇస్తే ఎర్రర్ వచ్చినా ఆగదు, హైఫన్ పెద్ద 'ఎస్', పక్కన ఒక ఫైలు పేరు ఇస్తే వెళ్లని ఎంట్రీలన్నీ కారణంతో సహా ఆ ఫైల్లో చేరతాయి. నేనైతే ఈ రెండూ లేకుండా ఎప్పుడూ నడపను.

ఎంట్రీ చిరునామాలో (దీన్నే డీఎన్ అంటారు) పేరు కాకుండా రోల్ నంబరు వాడండి. 1,800 మందిలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరైనా ఉంటారు, అప్పుడు రెండోవాళ్లకి మళ్లీ 68 వస్తుంది. తెలుగు లిపిలో పేర్లుంటే ఎల్‌డిఫ్‌లో వాటిని బేస్64లోకి (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో రాసే కోడ్) మార్చి, ఫీల్డు పేరు పక్కన ఒక కోలన్ బదులు రెండు పెట్టాలి. ఇది చేత్తో రాయకండి, పైథాన్-ఎల్‌డాప్ లైబ్రరీలోని ఎల్‌డిఫ్‌రైటర్ తనంతట తానే చేసేస్తుంది.

అంతా ఎక్కాక సర్వర్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఫైలుతో పోల్చండి. 500 దగ్గరే ఆగితే కంగారు పడొద్దు, ఒక వెతుకులాటకి ఓపెన్‌ఎల్‌డాప్ మామూలుగా ఇచ్చేది అంతే. రూట్ డీఎన్‌తో (సర్వర్ ప్రధాన అడ్మిన్ ఖాతా) లాగిన్ అయితే ఆ పరిమితి ఉండదు.