ఓణీ కట్టుకున్న పిల్లవాడి గురించి

వెస్ట్ మాంబళం, చెన్నై

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి లోకల్ ట్రైన్లో, రెండోసారి ఇంట్లో పెన్సిల్ పట్టుకుని. నువ్వు నన్ను ‘అమ్మా’ అని సంబోధించావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తాను.

అంబత్తూరు ఎస్టేట్‌లో షిఫ్ట్ దిగి, బస్సెక్కకుండా నడుచుకుంటూ పోయే ఆ కుర్రాడు నాకు కళ్ళకు కట్టాడు. అసలు సంగతి చెప్పలేక ఫోన్లో తల్లిని మూడుసార్లు ‘అన్నం తిన్నావా’ అని అడుగుతాడు చూడు, ఆ మాట చదివి పుస్తకం మూసినట్టు నీ కాగితాలు మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నాకు ఇబ్బంది నాలుగో పేజీలో మొదలైంది. తాను ఒక మగవాణ్ణి ప్రేమిస్తున్నానని కొడుకు చెప్పగానే ఆ తల్లికి వాడి ఆరేళ్ళ వయసు గుర్తొస్తుంది. అక్క ఓణీ కట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. తండ్రి దుబాయ్‌లో, రెండేళ్ళకోసారి వచ్చేవాడు. ‘అప్పుడే తెలుసుకోవాల్సింది’ అనుకుంటుంది. పాఠకుడు కూడా ఓహో అదా సంగతి అనుకుని పేజీ తిప్పేస్తాడు. అంతవరకూ మనిషిగా ఉన్న కుర్రాడు అక్కడ ఒక కేసు అయిపోయాడు.

ఈ పని నేనూ చేశాను. 1986లో ఒక వారపత్రికలో నా కథ వచ్చింది. అందులో ఒక డాన్సు మాస్టారు. నడుం తిప్పుతూ నడుస్తాడు, మాట సాగదీస్తాడు. నవ్వించడం కోసమే పెట్టాను, అందరూ నవ్వారు. మా పిన్ని కొడుకు మాత్రం నవ్వలేదన్న సంగతి నాకు ఇరవై మూడేళ్ళ తర్వాత తెలిసింది.

వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. బిళ్ళంగోడులో మా వీధిలో వాణ్ణి కొట్టినవాడు లేడు. చింతచెట్టెక్కి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు, కాలేజీలో కబడ్డీ టీములో ఉన్నాడు. 2009 జూలైలో, ఒకే లింగం వాళ్ళ మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చిన వారంలో మెరీనాకు రమ్మన్నాడు. లైట్‌హౌస్ వైపు ఇసుకలో కూర్చున్నాం. సుండల్ తినేసిన కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, గోరంత చేసేదాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు చెప్పాడు, పెళ్ళి ఎందుకు చేసుకోలేదో. చెప్పాక ఇంకో మాట అన్నాడు: “అక్కా, నీ కథలో ఆ మాస్టార్ని చదివాక రెండు రోజులు నిద్రపట్టలేదు. నేను అలా నడవను కదా, మరి నేనెవర్ని అనుకున్నాను.” వాడి నలభై ఎనిమిదేళ్ళ వయసులో విన్న మాట అది. ఇవాళ నీకు వాడి అనుమతితోనే రాస్తున్నాను.

అదే వీధిలో ఇంకో పిల్లాడు ఉండేవాడు. ఎప్పుడూ ఆడపిల్లల్తోనే ఆట. అచ్చంగిల్లాలు, తొక్కుడుబిళ్ళ, బొమ్మల పెళ్ళిళ్ళు. ఊరంతా వాణ్ణి ‘ఆడంగి’ అనే పిలిచింది. వాడు ఇష్టపడి ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, ఆమె అంటే ప్రాణం. ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఎదురైతే ఈనాటికీ రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోతాడు.

అయితే చిన్ననాటి తీరుకీ పెద్దయ్యాక కలిగే ఆకర్షణకీ సంబంధమే లేదా అని అడుగుతావు. ఉంది. మన మనసుకు నచ్చలేదని దాన్ని దాచి రాయకు. అమెరికాలో రిచర్డ్ గ్రీన్ అనే సైకియాట్రిస్టు ఆడపిల్లల ఆటలూ బట్టలూ ఇష్టపడే మగపిల్లల్ని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించి 1987లో పుస్తకం వేశాడు. చివరిదాకా అందుబాటులో ఉన్న 44 మందిలో 33 మంది గే లేదా బైసెక్సువల్ అయ్యారు. పోల్చడానికి తీసుకున్న మామూలు పిల్లలు 35 మందిలో ఒక్కరే. ఇది పెద్ద తేడా. కానీ ఆ పిల్లల్ని ఎలా ఎంచారో చూడు. తల్లిదండ్రులు కంగారుపడి డాక్టర్ల దాకా తెచ్చేంతగా కనబడిన పిల్లలు వాళ్ళు. చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్న మా పిన్ని కొడుకు ఆ లెక్కలోకి ఎక్కడొస్తాడు? పెద్దవాళ్ళని ‘మీ బాల్యం చెప్పండి’ అని అడిగితే జ్ఞాపకం తనకు కావలసిందే చెబుతుందన్న అనుమానం ఉంది కదా, 2008లో కొందరు పరిశోధకులు ఇళ్ళల్లో తీసుకున్న పాత వీడియోలే తెప్పించి చూశారు. సగటున తేడా అక్కడా కనిపించింది. సగటున అన్న మాటను పట్టుకో. సగటు అనేది కథలో పాత్ర కాజాలదు. ఆ సగటులో ఇమడని పిల్లలు రెండు వైపులా ఉన్నారు, మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఇక దుబాయ్ తండ్రి. తండ్రి దూరమైతే, తల్లి గారాబం చేస్తే కొడుకు ఇలా అవుతాడన్నది పాత సైకాలజీ పుస్తకాల్లోంచి మన సినిమాల్లోకి, అక్కడి నుంచి మన నోళ్ళలోకి వచ్చిన మాట. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో దాదాపు 1,500 మందితో మాట్లాడి 1981లో వెలువరించిన పెద్ద పరిశోధనలో ఆ వాదానికి బలం దొరకలేదు. కొన్ని ఇళ్ళల్లో వరస తిరగబడి ఉండవచ్చు కూడా. కొడుకు తీరు నచ్చకే తండ్రి దూరం జరిగి ఉంటాడు. నీ కథకు ఇది ఎంత మేలు చేస్తుందో ఆలోచించు. ఆ తండ్రి సెలవుల్లో వచ్చినప్పుడు కొడుకును చూసి మాటలు తగ్గించేసిన ఒక్క సాయంత్రం రాయగలిగితే చాలు.

తల్లిని గుర్తు చేసుకోనీ, తప్పులేదు. ఏ తల్లైనా చేసేది అదే. కానీ ఒక్క ఓణీనే ఎందుకు గుర్తొస్తుంది? వాడు సైకిల్ చైను ఊడితే తనే ఎక్కించుకున్నది, తూనీగలు పట్టింది, పక్కింటి అబ్బాయి బదిలీ మీద వెళ్ళిపోతే జ్వరం తెచ్చుకున్నది, ఏవీ ఎందుకు రావు? విషయం తెలిశాక వెనక్కి వెళ్ళి ఆనవాళ్ళు ఏరుకోవడం మనిషికి అలవాటు. తల్లి ఏరుకుంటున్నదని పాఠకుడికి కనబడాలి. నీ కథలో ఆవిడతో కలిసి నువ్వూ ఏరుతున్నావు.

వేషం మనిషిని మార్చేదే అయితే కూచిపూడి సంగతేమిటి? ఆ అగ్రహారంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సంప్రదాయం, సిద్ధేంద్ర యోగి పెట్టాడంటారు. ఎన్ని తరాల అబ్బాయిలు జడ వేసుకుని అద్దంలో చూసుకున్నారో! వాత్స్యాయనుడు ఇంకా నిదానంగా చూశాడు. కామసూత్రంలో ‘తృతీయా ప్రకృతి’ గురించి చెబుతూ రెండు రకాలన్నాడు. స్త్రీ రూపంలో ఉండేవాళ్ళు ఒకరు. పురుష రూపంలోనే ఉండి, కోరికను దాచుకుని, ఒళ్ళు పట్టే పని చేసుకుని బతికేవాళ్ళు మరొకరు. మగవాడిలా కనబడుతూ దాచుకునే మనిషిని ఆయన అన్ని వందల ఏళ్ళ కిందట గుర్తించాడు, 1986లో నేను గుర్తించలేకపోయాను.

సమోవా దీవుల్లో అయితే ఆడపిల్లల తీరులో పెరిగే మగపిల్లల్ని ఫాఫఫీనె అంటారు, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు గుర్తిస్తారు. పెద్దయ్యాక వాళ్ళు ఎక్కువగా మగవాళ్ళనే ఇష్టపడతారు, కానీ తమను ‘గే’ అనుకోరు. అలాంటి పిల్లవాడే ఒక ఊళ్ళో ఫాఫఫీనె, ఒక ఊళ్ళో డాక్టరు దగ్గరి కేసు, మా వీధిలో ఆడంగి. పేర్లు పెట్టేది ఊరు. ‘హోమోసెక్సువల్’ అనే మాటే 1869లో జర్మన్ కరపత్రాల్లో పుట్టింది. మన దేశంలో ఇలాంటి సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377 దానికంటే పాతది, 1860 నాటి శిక్షాస్మృతిలోది.

తెలుగు పత్రికల్లో వాడే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట నీ కథలో మూడుచోట్ల ఉంది. కొట్టేశాను. నీ కుర్రాడికి ఉన్నది ప్రేమ, అతని కోసం క్యారేజీలో పులిహోర తీసుకెళ్ళడం. ఆ మాట దాన్నంతా పడకగదికి ఈడ్చేస్తుంది. ‘గే’ అను, అందరికీ అర్థమవుతుంది. చివర్లో వాణ్ణి కూవాగం పంపావు. ఆ తమిళ ఊళ్ళో జరిగేది, అర్జునుడి కొడుకు అరవాన్‌ను వరించే తిరునంగైల పండుగ. తిరునంగై అంటే పుట్టినప్పుడు మగపిల్లవాడన్నా, తాను స్త్రీనని తెలుసుకున్న మనిషి. నీ కుర్రాడు తనను మగవాడిగానే అనుకుంటాడు. ఎవరిని ప్రేమిస్తామన్నది వేరు, మనం ఎవరమన్నది వేరు. ఎవరైనా ఆ పండుగకు వెళ్ళొచ్చు, కానీ నువ్వు పంపింది ఆ రెంటినీ కలిపేసుకుని.

డాక్టరు సీను నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1973లోనే గే కావడాన్ని రోగాల జాబితాలోంచి తీసేసింది. మా పిన్ని కొడుక్కి 1984లో ఒక డాక్టరు కరెంటు షాకులు పెట్టాడు, బాగు చేస్తానని చెప్పి. 2013లో సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును కొట్టేసినప్పుడు వాడు నెల రోజులు నా ఫోన్ ఎత్తలేదు. అదే కోర్టు 2018 సెప్టెంబరు 6న అది నేరం కాదని తేల్చినప్పుడు మాత్రం పొద్దున్నుంచీ టీవీ ముందే ఉన్నాడు. 2021లో మన మద్రాసు హైకోర్టు ఇలాంటి ‘బాగుచేసే’ వైద్యాన్ని నిషేధించింది. తనకు ఈ విషయం సరిగా తెలియదని జడ్జి ఆనంద్ వెంకటేశ్ తనే సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, ఆ సంగతి ఆదేశాల్లోనే రాశారు. వాడు ఆ భాగం నాకు ఫోన్లో చదివి వినిపించాడు. చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

నీ కథ చదువుతానన్నాడు వాడు. తిరగరాశాక ఒక ఆదివారం రా, ముగ్గురం కూర్చుందాం. ఓణీ సీను తీసేయమని నేను అనడం లేదు. తల్లి కళ్ళతో కాకుండా ఆరేళ్ళవాడి కళ్ళతో రాసి చూడు. కుచ్చిళ్ళు ఎలా దోపుకున్నాడు, అక్క ఎప్పుడొస్తుందోనని తలుపు వైపు ఎన్నిసార్లు చూశాడు, ఒక్కసారి గిర్రున తిరిగాడా లేదా. ఆ ఓణీ ఏ రంగుదో కూడా నువ్వు రాయలేదు.

ఆశీస్సులతో,
అమ్మ