డెట్రాయిట్‌కి పట్టిన గతి మన ఆటోనగర్‌కీ పడుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే ఊరి చుట్టూ, అమెరికాలో కార్ల ఊరుగా పేరుపడ్డ డెట్రాయిట్ చుట్టూ తిరిగాయి. అందుకే మిగతావి పక్కన పెట్టి ఈ మూడే తీసుకుంటున్నాం.

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు. నాన్నగారు పెట్టారు, ఆయన తర్వాత నేను నడుపుతున్నాను. మా అల్లుడికి డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం వచ్చింది, అమ్మాయి, మనవరాలు కూడా వెళ్తున్నారు. మా ఆవిడ ఫోన్‌లో ఆ ఊరి వీడియోలు చూసింది. కిటికీలు ఊడిపోయిన ఇళ్లు, లోపల చెట్లు మొలిచిన ఫ్యాక్టరీలు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, "పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది, అక్కడికా పిల్లల్ని పంపేది?" అని. నా బెంగ వేరు. ప్రపంచానికి కార్లు అమ్మిన ఊరే అలా అయితే బళ్లనే నమ్ముకున్న మా ఆటోనగర్ ఏమవుతుంది? ఇప్పటికే కంపెనీలు బాడీతో సహా తయారుచేసి పంపుతున్నాయి, మా షెడ్డులో పని తగ్గింది, మా అబ్బాయి ఈ వైపు రానంటున్నాడు. డెట్రాయిట్ ఎందుకు పడిపోయింది? మళ్లీ లేచిందంటున్నారు, నిజమేనా?
– ఒక షెడ్డు యజమాని, విజయవాడ

జవాబు: ముందు మీ ఆవిడగారి టెన్షన్ తీరుద్దాం. మనవాళ్లు డెట్రాయిట్ అంటారు గానీ ఎక్కువమంది ఉండేది ఆ నగరంలో కాదు. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ లాంటి శివారు ఊళ్లలో ఉంటారు. 2025లో తానా మహాసభలు జరిగింది కూడా నోవైలోనే. ఫోర్డ్ హెడ్డాఫీసు ఉన్నది డియర్‌బోర్న్‌లో, అదీ డెట్రాయిట్ కాదు. ఆ ఊళ్లకి మంచి స్కూళ్లున్నాయి, పన్నులు కట్టే జనం ఉన్నారు. మీ ఆవిడ చూసిన వీడియోలు చాలావరకు నగరం లోపలివి, వాటిలో కొన్ని కట్టడాలు ఇప్పుడు లేవు కూడా. చెట్లు మొలిచిన ఫ్యాక్టరీ అంటే బహుశా ప్యాకర్డ్ కార్ల ఫ్యాక్టరీ అయ్యుంటుంది. దాన్ని 2022లో కూల్చడం మొదలుపెట్టారు. కాబట్టి అమ్మాయికి చలికోట్లు కొనివ్వండి చాలు.

ఇక ఎందుకు పడిపోయిందన్నది. జపాన్ కార్లు వచ్చి ముంచేశాయని కొందరు, 1967 అల్లర్లలో 43 మంది చనిపోయాక జనం పారిపోయారని కొందరు చెబుతారు. రెండూ నిజమే, కానీ రెండూ ఆలస్యంగా వచ్చిన దెబ్బలు. ప్యాకర్డ్ అక్కడ కార్లు చేయడం ఆపింది 1956లో, అప్పటికి అమెరికాలో జపాన్ కారు పేరెత్తినవాడు లేడు. 1947 నుంచి 1963 లోపే నగరంలో లక్షా ముప్పై వేలకు పైగా ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. పాత ఫ్యాక్టరీలు నాలుగైదు అంతస్తుల మేడలు, కొత్త పద్ధతికేమో నేల మీద పొడుగ్గా పరుచుకున్న షెడ్లు కావాలి, అంత స్థలం ఊళ్లో లేదు. కంపెనీలు శివార్లకి, ఆ తర్వాత వేరే రాష్ట్రాలకి వెళ్లాయి. వాటి వెనకాలే కొత్త రోడ్లు, కొత్త ఇళ్లు, కొత్త ఇళ్లకి అప్పులు.

ఆ అప్పులిచ్చే తీరులోనే అసలు విషం ఉంది. నల్లవాళ్లు ఉన్న పేటలో ఇల్లు కొంటే ప్రభుత్వ హామీతో వచ్చే గృహరుణం దొరకదు, తెల్లవాళ్ల పేటలో అయితే దొరుకుతుంది. 1941లో ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి తన వెంచర్‌కి ఆ హామీ తెచ్చుకోవడానికి, పక్కనున్న నల్లవాళ్ల ఇళ్లకీ తన ప్లాట్లకీ మధ్య ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడుగునా గోడ కట్టించాడు. గోడ లేవగానే హామీ వచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, ఒకచోట దాని మీద రంగురంగుల బొమ్మలు వేశారు, పక్కనే పిల్లలు ఆడుకునే పార్కు. ఎవరికి అప్పు పుడితే వాళ్లు ఊరు దాటారు, పుట్టనివాళ్లు ఉండిపోయారు. అప్పుడు పోయింది జనం ఒక్కటే కాదు, వాళ్లు కట్టే ఇంటిపన్ను కూడా.

దీన్ని బెజవాడలో పెట్టి చూడండి. పటమటలో, మొగల్రాజపురంలో ఉన్న కలిగినవాళ్లంతా కార్పొరేషన్ హద్దు దాటి పోరంకి, కానూరు వైపు ఇళ్లు కట్టుకున్నారనుకోండి. వాళ్ల పన్ను అక్కడి మున్సిపాలిటీకి పోతుంది, కార్పొరేషన్‌కి మిగిలేది వన్‌టౌన్ కొండల మీది ఇళ్లు, పాత మంచినీళ్ల గొట్టాలు, రిటైరైనవాళ్ల పింఛన్లు. డెట్రాయిట్‌లో జరిగింది అచ్చం అదే. 1950లో 18.5 లక్షల జనం, 2010 నాటికి 7.14 లక్షలు. రోడ్లు మాత్రం ఒక్క గజం తగ్గలేదు. పనిచేసే ఉద్యోగుల కంటే పింఛను తీసుకునేవాళ్లు రెట్టింపయ్యారు. ఆ పైన 2008 మాంద్యం, గోరుచుట్టు మీద రోకటిపోటు. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా పిటిషన్లు వేశాయి, ప్రభుత్వం డబ్బిచ్చి లేపింది. అవి కంపెనీలు. నగరం దివాలా వేరే, అది 2013 జులై 18న. అప్పు సుమారు 1,800 కోట్ల డాలర్లు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం మన దగ్గర బాగా అలవాటు. కార్ల కంపెనీలు తేరుకుని లాభాలు చూస్తున్న రోజుల్లోనే ఊరు దివాలా తీసింది. మీరు గమనించాల్సింది ఇదే. ఊళ్లో పుట్టిన పరిశ్రమ బాగున్నంత మాత్రాన ఊరు బాగుండాలని లేదు.

అప్పటికి వీధి దీపాల్లో దాదాపు 40 శాతం వెలగడం లేదు. అప్పులవాళ్లేమో నగర మ్యూజియంలోని బొమ్మలు అమ్మి బాకీ తీర్చమన్నారు. వాన్‌గో తన ముఖం తాను గీసుకున్న చిత్రం ఆ మ్యూజియంలో ఉంది. చివరికి ధర్మసంస్థలు, రాష్ట్రప్రభుత్వం, మ్యూజియం కలిసి 81.6 కోట్ల డాలర్లు పోగుచేస్తే బొమ్మలు మిగిలాయి. పింఛన్లలో కోత పడింది గానీ భయపడినంత పడలేదు. నాకు నచ్చిన సంగతి ఇంకోటి. 2014 చివర దివాలా నుంచి బయటపడింది గానీ, అంతకు ముందే, ఆ ఏడాది మొదట్లోనే ఆ ఊరు దీపాలు వెలిగించే పని మొదలుపెట్టింది. 2016 చివరికల్లా 65 వేల కొత్త ఎల్‌ఈడీలు పెట్టారు. విగ్రహం పెట్టలేదు, స్వాగత ద్వారం కట్టలేదు.

లేచిందా అంటే, లేచింది. పూర్తిగా కాదు. 1913లో కట్టిన పెద్ద రైల్వే స్టేషన్ 1988లో ఆఖరి రైలు వెళ్లాక మూతపడి, రాగి తీగలు కూడా పీక్కుపోతే బోసిపోయి నిలబడింది. ఫోర్డ్ దాన్ని 2018లో కొని, బాగుచేయించి 2024 జూన్‌లో తెరిచింది. 2021లో జీపులు తయారుచేసే కొత్త ఫ్యాక్టరీ నగరం లోపలే వచ్చింది, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త అసెంబ్లీ ప్లాంట్ అది. 1957 తర్వాత మొదటిసారి జనాభా పెరిగిందని 2024లో అక్కడి సెన్సస్ బ్యూరో అంచనా వేసింది. పెరిగింది రెండు వేల లోపే, అయినా అరవై ఏళ్లకు పైగా దిగుతూనే ఉన్న అంకె కదా. నడిబొడ్డున హోటళ్లు, ఆఫీసులు మెరుస్తున్నాయి. నాలుగు మైళ్లు లోపలికి పోతే కూల్చేసిన ఇళ్ల జాగాల్లో ఇంకా గడ్డే. ఆ ఊరి పాతకాపులు ఎవరికొచ్చిందీ పునరుద్ధరణ అని అడుగుతున్నారు, న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు మీ షెడ్డు. ఆటోనగర్ 1960ల నాటిది, డెట్రాయిట్‌తో పోల్చడానికి సైజు చాలదు గానీ మీ బెంగ ఉత్తిది కాదు. చాసిస్ (బండి చట్రం) తెచ్చుకుని కేబిన్, తొట్టి మీతో కట్టించుకునే రోజులు వెనకబడుతున్నాయి. 2025లో, కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ కేబిన్ తప్పనిసరైంది, ఇలాంటి ప్రతి నిబంధనతో కేబిన్ పని కొంచెం కొంచెంగా కంపెనీ వైపు జరుగుతుంది. దానితో పోరాడి లాభం లేదు. కానీ టిప్పరు తొట్టి, ట్యాంకరు, కంటెయినరు, బోరు బండి, ట్రాక్టరు ట్రాలీ, అంతెందుకు రోడ్డు పక్క టిఫిన్ల బండి కూడా, ఇవి ఒక్కో గిరాకీకి ఒక్కోలా కావాలి, పెద్ద ఫ్యాక్టరీకి అది కుదరదు. మీ మేస్త్రి కొలత తీసుకుని రేకు వంచే పని లారీకి మాత్రమే పుట్టింది కాదు.

నాకు భయం ఉన్నది వేరేచోట. మీ లైన్లో ఎన్ని షెడ్లు గోడౌన్‌గా, షోరూమ్‌గా అద్దెకి పోయాయో ఒకసారి నడిచి లెక్కపెట్టండి. బాడీ కట్టే షెడ్డు ఒక్కటే ఉండి ఏం చేస్తుంది? పక్కన లేత్, ఎదురుగా కమాన్ పట్టీల కొట్టు, మూలన పెయింటరు, వెనక సీట్లు కుట్టేవాడు ఉంటేనే అది ఆటోనగర్. అద్దె ఎక్కువొస్తోందని ఒక్కొక్కరే పని మానేస్తే, మిగిలినవాళ్లకి నట్టు కోసం కూడా ఊరు దాటాల్సి వస్తుంది. మీ అసోసియేషన్‌లో మాట్లాడాల్సింది ముందు దీని గురించి. మీ అబ్బాయిని షెడ్డుకి రమ్మని బతిమాలకండి, ఒక ట్యాంకరు ఆర్డరు డ్రాయింగు దగ్గర్నుంచి డెలివరీ దాకా అతని చేతికిచ్చి చూడండి. డ్రాయింగు కంప్యూటర్‌లో గీస్తానంటే గీయనివ్వండి.

ప్రశ్న: మా గుంటూరు పొగాకుతో బతికిన ఊరు. పొగాకు కాల్చే బ్యారన్లు, గ్రేడింగుకి బారులుగా వెళ్లే ఆడవాళ్లు, కంపెనీ సైరన్లు నాకు తెలుసు. అవన్నీ పోయాయి. మరి మేమెందుకు డెట్రాయిట్ కాలేదు?
– విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట

జవాబు: మిరపకాయ వల్ల. 1920 ప్రాంతంలో మీ నల్లరేగడిలో మొదలైన వర్జీనియా పొగాకు మెల్లగా ప్రకాశం జిల్లాకి, తర్వాత పశ్చిమ గోదావరి తేలిక నేలలకి జరిగింది. 1976లో పెట్టిన పొగాకు బోర్డు ఆఫీసు మాత్రం గుంటూరులోనే ఉంది, పంట వెళ్లినా ఫైళ్లు వెళ్లలేదు! పొగాకు జరుగుతున్న కాలంలోనే పత్తి, మిర్చి పెరిగాయి, యార్డు పెరిగింది, ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు లేచాయి. గ్రేడింగు తెలిసిన చేతులకి మిర్చి తొడిమలు తీసే పని దొరికింది. కూలి గొప్పదని కాదు, ఘాటుకి తుమ్ముతూ చేసే పని అది, కానీ పొయ్యి ఆరలేదు.

అలాగని నిశ్చింతగా ఉండకండి. ఇప్పుడు మిర్చే పొగాకు స్థానంలో కూర్చుంది. 2021–22లో నల్ల తామర పురుగు పూత మొత్తం తినేస్తే ఎకరాలకి ఎకరాలు దున్నేశారు. 2025 మొదట్లో ధర పడిపోయి, చివరికి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల లెక్కన ఆదుకునే పథకం ప్రకటించాల్సొచ్చింది. యార్డులో టిక్కీల (బస్తాల) కొద్దీ అమ్మి పంపేయడమే తప్ప కారం పట్టి, నూనె తీసి, ప్యాకెట్ కట్టే పని ఊళ్లో ఇంకా ఎక్కువ జరగాలి. మీ ఊరి వ్యాపారులకి ఈ మాట కొత్త కాదు, సీజన్ బాగున్న ఏడాది ఎవరికీ గుర్తుండదు, అంతే.

ప్రశ్న: డెట్రాయిట్‌లో వెయ్యి డాలర్లకే ఇల్లు వస్తుందట, తెలిసినాయన కొనిపెడతానంటున్నారు. కొనవచ్చా?
– గుణదల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వెయ్యి డాలర్లన్నది ఖాళీ ఇళ్లు అమ్మే అక్కడి ప్రభుత్వ సంస్థ ల్యాండ్ బ్యాంక్ వేలంలో మొదటి పాట, ఆఖరి ధర కాదమ్మా. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా ఇస్తారు, పైకప్పు కారుతున్నా, గొట్టాలు పీకేసి ఉన్నా మీదే బాధ్యత. వేలంలో కొన్నది మామూలుగా ఆరు నెలల్లో బాగుచేసి చూపించాలి, లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. బాగుచేయడానికి అక్కడి కూలీ రేట్లలో వేల డాలర్లు అవుతాయి. ఇంటిపన్ను రేటు అమెరికా పెద్ద నగరాల్లో బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, దివాలా చుట్టుపక్కల ఏళ్లలో ఇళ్ల విలువ ఎక్కువ చేసి పన్ను వేస్తే కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ ఉండి, వారానికోసారి వెళ్లి చూసుకోగలిగిన సొంత మనిషి ఉంటే ఆలోచించండి. గుణదలలో కూర్చుని మధ్యవర్తి మాట మీద అయితే వద్దు. ఆయన్ని అడ్వాన్స్ అడగనివ్వకండి, ముందు ఇంటి అడ్రసు ఇమ్మనండి. ఏ ఇల్లు ఎవరి పేరున ఉందో, పన్ను బకాయి ఎంతో అక్కడి రికార్డుల్లో ఇంటర్నెట్‌లోనే చూసుకోవచ్చు.