అమ్మగారి పిక్కల నొప్పి: ముందు ఆ గ్యాస్ మాత్ర సంగతి చూడండి

అండీ, మీ అమ్మగారికి రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని, కాల్షియం వాడినా తగ్గలేదని, మెగ్నీషియం మాత్రలు కొనమంటారా అని అడిగారు. ఆవిడ ఏళ్ల తరబడి పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుంటున్నారని చివర్లో ఒక్క ముక్క రాశారు చూడండి, నా అనుమానం దాని మీదే. ఈ రకం గ్యాస్ మాత్రలు ఏడాదికి మించి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. బీపీకి నీళ్లు పోయే మాత్ర కూడా ఉంటే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. మెగ్నీషియం బాగా తగ్గితే కాల్షియం, పొటాషియం కూడా తగ్గుతాయి. అప్పుడు ఉత్త కాల్షియం మింగితే సరిపోదు.

మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, క్రియాటినిన్ కలిపి రక్తపరీక్ష చేయించండి. క్రియాటినిన్ ఎందుకంటే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో అది చెబుతుంది. కిడ్నీలు సరిగా లేనివాళ్లు మెగ్నీషియం మాత్రలు వేసుకుంటే అది ఒంట్లో పేరుకుపోయి ప్రమాదం. రిపోర్టు నార్మల్ వచ్చినా లోపం లేదని పూర్తిగా చెప్పలేం, ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం కూడా రక్తంలో ఉండదు. లోపం లేని పెద్దవాళ్లకు మాత్రం మెగ్నీషియం మాత్రలతో పిక్కల నొప్పి పెద్దగా తగ్గదని పరిశోధనలు చెబుతున్నాయి, డబ్బు దండగ.

గ్యాస్ మాత్ర మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుగారిని అడగండి. గుండె దడ, ఫిట్స్ లాంటివి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.