తొలిచూలు పెయ్యకు ఏ ఆంబోతు?

ప్రశ్న: డాక్టరు బాబుకి నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగరం దగ్గర పల్లె. నిరుడు మా నాటు పెయ్య తొలి ఈతలో రాత్రంతా అల్లాడిపోయింది. నలుగురు తాడు కట్టి లాగితే చచ్చిన దూడ బయటపడింది. తల్లి పది రోజులు లేవలేదు. పాలెక్కువొస్తాయంటే నలుపూ తెలుపూ హోల్‌స్టీన్ ఆంబోతు వీర్యం సూది వేయించాం. ఇప్పుడు దాని చెల్లెలు ఎదకొస్తోంది. ఛాతీ చుట్టు 48 అంగుళాలు, పొడవు 42. వీటి తల్లి ఆవుకి 56, 48. దీనికి ఏ సూది వేయించాలి?

జవాబు: అమ్మా, కొలతలు రాసి మంచి పని చేశారు. ఛాతీ చుట్టును అదే అంకెతో హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో ఉజ్జాయింపుగా వస్తుంది. మీ పెయ్య 147, తల్లి 228. తల్లి బరువులో నూటికి 60 దాటింది కాబట్టి కట్టించవచ్చు. ఇంకో రెండు ఎదలు ఆగి మేపితే నాకింకా ధైర్యం.

హోల్‌స్టీన్ దూడ దాని సొంత జాతిలో 40 కిలోల దాకా పుడుతుంది, జెర్సీ దూడ 25 దగ్గర. నాటు తల్లి కడుపులో దూడ కొంత తగ్గుతుంది గాని, మీ పెయ్య కటి దారికి ఆ తగ్గింపు చాలదు. తొలి ఈతకి సగం జెర్సీ సంకర ఆంబోతుదో, మన దేశవాళీ చిన్న జాతిదో అడగండి. పాల ఆశ రెండో, మూడో ఈతకి పెట్టుకోండి. అప్పటికి దారి సాగి ఉంటుంది.

జాతి ఒక్కటే చూస్తే చాలదు. ఒకే జాతిలోనూ ఒక ఆంబోతు దూడలు సులువుగా వస్తాయి, ఇంకోదాని దూడలు తల దగ్గర ఇరుక్కుంటాయి. అమెరికాలో మాంసం కోసం పెంచే ఆంగస్ మందల్లో ప్రతి ఆంబోతుకీ దీనికో అంకె ఉంటుంది. 12 ఉన్నదానికీ 2 ఉన్నదానికీ తేడా ఏమిటంటే, 12 ఉన్నదానితో తొలిచూలు పెయ్యల్లో నూటికి మరో పది ఈతలు మనిషి చెయ్యి పెట్టకుండా జరుగుతాయని అంచనా. ఆ ఆంబోతు కూతుళ్లు ఎంత సులువుగా ఈనుతాయో చెప్పే అంకె వేరే. దూడ చిన్నదైతే చాలనుకుంటూ తరతరాలు కడితే కూతుళ్ల కటి కూడా చిన్నదవుతుందని ఆ రెండో అంకె పెట్టుకున్నారు.

మన ఊళ్లో మీకా అంకె దొరకదు. సూది గొట్టం మీద ఆంబోతు నంబరు మాత్రం ఉంటుంది. సూది వేసే పశువుల ఇన్‌స్పెక్టరు బాబు దాన్ని వేడినీళ్లలో వెయ్యకముందే చదివించుకుని, గోడ మీదైనా రాసుకోండి. ఆ నంబరుతో పక్క ఊళ్లో ఎవరి ఆవు ఎలా ఈనిందో కనుక్కోండి. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు అడిగే రైతు లేడు, నేనూ చెప్పలేదు. అలా ఒక పెయ్యను పోగొట్టాను. దాని యజమానురాలి ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

చూడి చివరి నెలల్లో దూడ పెరిగిపోతుందని మేత తగ్గించకండి. పెయ్యకి నొప్పులు తీసే సత్తువ ఉండదు. కొవ్వు పట్టేలా మేపినా ముప్పే.

ఈనే రాత్రి నీటి సంచి కనబడ్డాక గంటలో పని ముందుకు సాగకపోతే ఫోను చెయ్యండి, తాడు ముట్టకండి. గిట్టల అడుగు నేలవైపు ఉంటే ముందుకాళ్లు. పైకి తిరిగి ఉంటే వెనకకాళ్లు కావచ్చు, అప్పుడు గంట కూడా ఆగవద్దు.