చిన్నాన్న స్కూటర్‌కు మరో 18 వేలు పెట్టాలా?

ప్రశ్న: మా చిన్నాన్నకు 64 ఏళ్లు. రిటైరై తెనాలిలో ఉంటున్నారు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటే నమ్మి 14 నెలల కిందట ఎఫ్‌డీ తీసి 62 వేలకు కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. ఛార్జికి 60 కిలోమీటర్లు అన్నది ఇప్పుడు పాతిక కూడా రావడం లేదు. ముందు ప్యానెల్ పగిలితే తీగతో కట్టుకున్నారు. బ్యాటరీలు మార్చడానికి షాపువాళ్లు 18 వేలు అడుగుతున్నారు. నన్ను సర్దమంటున్నారు. ఇవ్వనా?

జవాబు: ఈ బండి మీద మాత్రం పెట్టకండి. 62 వేలు ఎలాగూ పోయాయి. ‘అంత పెట్టాం, ఇంకొంచెం పెడితే నిలబడుతుంది’ అనుకుంటే చేతిలో ఉన్నదీ పోతుంది.

బజారు, గుడి, బ్యాంకు కలిపి ఆయన రోజుకు 8 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 40 ఇచ్చే పెట్రోలు స్కూటర్‌కు నెలకు 6 లీటర్లు చాలు. 110 చొప్పున 660 రూపాయలు. ఈ బండికి బ్యాటరీలు 14 నెలలే వచ్చాయి. 18 వేలను 14తో భాగిస్తే నెలకు దాదాపు 1,285. కరెంటు, రిపేర్లు ఇంకా కలపలేదు.

నాకు అసలు భయం బీమా గురించి. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మినహాయింపు మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే బళ్లకే. ఎవరినైనా పక్కన ఇంకో బండి మీద వెళ్తూ స్పీడు చూడమనండి. 40 చూపిస్తే లైసెన్సు, ఆర్‌సీ, థర్డ్ పార్టీ బీమా అన్నీ ఉండాల్సిందే. అవి లేకుండా ఎవరికైనా తగిలితే పరిహారం ఆయన దాచుకున్న డబ్బులోంచే పోతుంది. 25 లోపు వెళ్లే బండి అయినా, బీమా తీసుకోకపోతే భారం ఆయనదే.

ఇలాంటి బండే ఒకటి ఈమధ్య దగ్గరగా చూశాను. ఒక రిటైర్డ్ మాస్టారిది. సీటు ఎత్తితే ఐదు బ్యాటరీలు, అవి కదలకుండా మధ్యలో కుక్కిన థర్మాకోల్ ముక్కలు. బ్రేకు లివరు హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కితే గానీ పట్టడం లేదు. ఆ బండి మీద మనవడిని బడికి దింపుతున్నారంటే నా గుండె ఆగినంత పనైంది. మీ చిన్నాన్న బండి బ్రేకులు ఈ వారమే చూపించండి.

తర్వాత బిల్లు, వారంటీ కార్డు వెతకండి. మొదటి ఏడాదిలోనే ఫిర్యాదు చేశారా? షాపుకు పెట్టిన వాట్సాప్ మెసేజీలుంటే తీసి పెట్టుకోండి. బయట మెకానిక్‌తో ఒక్కో బ్యాటరీ టెస్టు చేయించి రీడింగులు రాయించుకోండి. అవన్నీ పట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. షాపు కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, కాబట్టి నాన్చకండి.

ఇంకో మాట. ఆయన లైసెన్సు గడువు తీరిపోయిందేమో మెల్లగా అడగండి. చాలామంది పెద్దవాళ్లు ఇలాంటి బళ్లు కొనేది ఆ మొహమాటంతోనే. గడువు దాటి ఏడాది కాకపోతే మళ్లీ టెస్టు లేకుండా, డాక్టరు సర్టిఫికెట్‌తో రెన్యూవల్ అవుతుంది. అప్పుడు మీ 18 వేలకు ఆయన కొంత కలుపుకుని, తెనాలిలో ఏ మెకానిక్ అయినా బాగుచేయగల సెకండ్ హ్యాండ్ స్కూటర్ తీసుకోవచ్చు. ఆర్‌సీ, బీమా ఆయన పేరు మీదకు మారాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

ఈ మాటలు పిన్ని ముందు, పిల్లల ముందు వద్దు. ఒక్కరే ఉన్నప్పుడు, ‘ఆ బ్రేకు చూస్తే భయమేస్తోంది చిన్నాన్నా’ అని మొదలుపెట్టండి.