పిగ్గీ అంటే సైన్స్, సైమన్ అంటే క్రీస్తు అని రాస్తే సరిపోతుందా?

విలియం గోల్డింగ్ రాసిన, 1954లో వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ గురించి కదా అడిగారు. పెద్దవాళ్లెవరూ లేని దీవిలో చిక్కుకుపోయిన బడిపిల్లల నవల అది. రాల్ఫ్ ప్రజాస్వామ్యం, జాక్ నియంతృత్వం, పిగ్గీ సైన్స్, సైమన్ క్రీస్తు అని గైడ్‌లో ఉన్నట్టే పరీక్షలో రాయొచ్చా అని. రాయొచ్చు, తప్పు కాదు. సైమన్‌ని క్రీస్తులాంటి పాత్రగానే మలిచానని గోల్డింగే చెప్పుకున్నాడు. కానీ అక్కడితో ఆపేస్తే, నవల తెరవనివాళ్లు కూడా రాయగలిగే జవాబు అది.

నేను డిగ్రీ విద్యార్థులకు ఈ నవల చెప్తాను. ప్రతీకల సంగతి తర్వాత, ముందు ఆ పిల్లాడు ఏం చేశాడో చెప్పండి అంటాను. పిగ్గీనే తీసుకోండి. అతని కళ్లజోడు లేకపోతే ఆ దీవిలో నిప్పు లేదు, శంఖం ఊది అందరినీ పిలవొచ్చని రాల్ఫ్‌కి చెప్పిందీ అతనే. ఇంతవరకు సైన్స్, తెలివి అన్న మాట చక్కగా అతుకుతుంది. (హ్రస్వదృష్టి ఉన్నవాళ్ల కళ్లద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి నిప్పు పుట్టించలేం, అది వేరే విషయం. గోల్డింగ్‌కి అక్కడ ఫిజిక్స్ కంటే ప్రతీకే ముఖ్యమైందని నాకనిపిస్తుంది.) మరి పిల్లలంతా గుంపుగా సైమన్‌ని చంపిన రాత్రి సంగతేంటి? ఆ గుంపులో పిగ్గీ కూడా ఉన్నాడు. మర్నాడు రాల్ఫ్ అది హత్యేనని ఒప్పుకుంటుంటే, పిగ్గీ మాత్రం కాదు, యాక్సిడెంట్ అంటాడు, మనం బయటి వరసలోనే ఉన్నాం, ఏమీ చూడలేదు అని వాదిస్తాడు. అందరికంటే బాగా ఆలోచించగలిగినవాడు ఆ ఆలోచననంతా నిజం నుంచి తప్పించుకోవడానికి వాడుతున్నాడు! గైడ్‌లోని లేబుల్ ఇక్కడ పనిచేయదు, నా దృష్టిలో ఆ పాత్ర మీద రాయాల్సిన అసలు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

దీవిలోని ఇంకో పిల్లాడు రోజర్ కూడా అంతే. క్రూరత్వానికి ప్రతీక అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదట్లో అతను హెన్రీ అనే చిన్నపిల్లాడి వైపు రాళ్లు విసురుతాడు గానీ తగలకుండా పక్కకి విసురుతాడు, ఎందుకంటే అమ్మానాన్నలు, బడి, పోలీసులు, చట్టం అక్కడ లేకపోయినా ఆ భయం ఇంకా చేతిని ఆపుతోంది. చివరికొచ్చేసరికి అదే చెయ్యి పెద్ద బండని దొర్లించి పిగ్గీని చంపుతుంది, శంఖం కూడా అప్పుడే ముక్కలవుతుంది. ఈ రెండు సంఘటనల మధ్య ఏం మారిందో రాస్తే క్రూరత్వం అన్న మాటకి బలం వస్తుంది.

చివర్లో పిల్లల్ని కాపాడే నౌకాదళ అధికారిని నాగరికతకి గుర్తు అని రాసేవాళ్లు, అతను వచ్చింది యుద్ధనౌక మీద అన్న సంగతి వదిలేయకండి.

పరీక్షలో అయితే ప్రతీక ఏంటో ఒక వాక్యంలో చెప్పేసి, అది అతికే సన్నివేశం ఒకటి, అతకని సన్నివేశం ఒకటి తీసుకుని మిగతా జవాబంతా వాటి మీదే రాయండి. నలుగురి గురించీ తలా రెండు లైన్లు రాసే బదులు ఒక్క పిగ్గీ గురించే అలా రాసినా, దిద్దేటప్పుడు నేనైతే ఎక్కువ మార్కులు దానికే వేస్తాను.